ఎండకు పెట్టిన ఐసుబీరువా ఊరగాయ

ఆ రోజుల్లో మా గుంతకల్లులో ఊరగాయకూ తొందరకూ ఏ సంబంధమూ ఉండేది కాదు. వేసవిలో కాయలు తేవాలి, కడగాలి, తడి లేకుండా తుడవాలి, ముక్కలు కొట్టాలి, ఉప్పులో వెయ్యాలి, ఎండలో పెట్టాలి, సాయంత్రం లోపలికి తేవాలి, మరునాడు మళ్లీ ఎండలో పెట్టాలి. ముక్క ఊరేదాకా ఇంట్లో ఆడవాళ్లు ఒకసారి జాడీ వైపూ ఒకసారి ఆకాశం వైపూ చూస్తూ కాలం గడిపేవారు. ఆకాశం వైపు చూడటం మా వైపు వాళ్లకు పుట్టినప్పటినుంచీ అలవాటే గనుక ఎవరికీ కష్టంగా తోచేది కాదు. (ఊరగాయ ఎండలో ఉన్నన్నాళ్లూ వాన రాకూడదని మా జేజి, అంటే నాయనమ్మ, దేవుడికి మొక్కుకునేది. మిగిలిన సంవత్సరమంతా వాన రావాలని మొక్కుకునేది. దేవుడు ఎప్పుడూ మొదటి మొక్కునే తీర్చేవాడు.)

అలాంటి ఊళ్లో, కాయ కోసిన మరునాడే తినేయదగిన ఊరగాయ ఒకటి నా చేతులతో పెట్టి, దానివల్ల నేను కోరుకున్న ఒకే ఒక్క పనిని పోగొట్టుకున్నాను. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వాక, "మరి ఎందుకు పోయింది?" అని అడుగుతారు. అది చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

మా నాయన రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తా. క్వార్టర్సులో మాది రెండు గదుల ఇల్లు. నాయన, అమ్మ, నాయనను కన్న జేజి, నేను. నేను ఎస్సెల్సీ ప్యాసై ఇంట్లో ఉన్నాను. నాకు మాట తక్కువ. లోపల తక్కువేమీ కాదు, అది నా డైరీకి తెలుసు; బయటికి వచ్చేసరికి తక్కువైపోయేది. అంగడికి పోయి చింతపండు అడిగితే శెట్టి నా తల మీదుగా వీధిలోకి చూస్తూ, "ఎవరో పిలిచినట్లుండాదే" అనేవాడు. చుట్టాలు వస్తే నేను పొయ్యి దగ్గరికి పోయి, అవసరం లేకపోయినా కట్టెలు ఎగదోసేదాన్ని. పొయ్యి వెలుగులో చదువుకోవచ్చన్నది ఇంకో లాభం. పార్సిళ్లకు చుట్టి వచ్చే పాత పత్రికలు నాయన సంచిలో తెచ్చేవాడు. కథ సగంలో చిరిగిపోయి ఉండేది. మిగిలిన సగం నేనే డైరీలో రాసుకునేదాన్ని.

మా కంబదూరు మామ, అంటే అమ్మ తమ్ముడు, ప్రతి ఉత్తరంలోనూ ఒకే మాట రాసేవాడు: ఇంట్లో ఊరికే ఉన్న పిల్లను మా ఇంటికి పంపితే మీ మరదలికి చేయిసాయంగా ఉంటుంది అని. అత్తకు ఎడాపెడా కాన్పులు, ఒంట్లో బాగుండదు, గొర్రెలున్నాయి, పిల్లలున్నారు, నీళ్లు ఊరి బయటినుంచి మోసుకురావాలి. నాయన ఆ ఉత్తరాలు గట్టిగా చదివి మడిచి, "ఉగాది దాకా చూస్తాంలే. ఈడ యాదన్నా పనిలో కుదిరితే సరి. లేకుంటే కంబదూరికి పోదువుగాని" అనేవాడు. కోపంతో కాదు. రైలు టైము చెప్పినట్లు చెప్పేవాడు. నేను తల ఊపేదాన్ని. కంబదూరులో పుస్తకాలు అమ్మరు, పార్సిలాఫీసు లేదు, చుట్టిన పత్రికలు రావు. పోతే మళ్లీ రావడం ఉండదని నాకు తెలుసు. చేయిసాయంగా పోయినవాళ్ల చెయ్యి ఎవరూ వదిలిపెట్టరు.

ఆ సంవత్సరం కరువు. మా వైపు కరువని ప్రత్యేకంగా చెప్పాలంటే అది మామూలు కరువుకంటే పెద్దదై ఉండాలి. తాగేనీళ్లు కూడా రైలు వ్యాగన్లలో వచ్చేవి. వ్యాగను వచ్చిన కూత విని బిందెలు పరుగెత్తేవి. ముందటి వేసవిలో మామిడి కాపు లేదు. ఉన్నవాళ్లు కొద్దిగా పెట్టుకున్నారు, లేనివాళ్లు జాడీలు బోర్లించి పెట్టారు. శివరాత్రి నాటికి క్వార్టర్సులో ఏ ఇంట్లోనూ సంగటిలోకి నంజుకోవడానికి ఊరగాయ లేదు. ఎవరింటి జాడీ అడుగున నూనె మిగిలిందో అందరికీ తెలిసి ఉండేది.

ఆ సమయంలోనే మా ఆఫీసరు భార్య, బంగళా అమ్మ, మహిళా సమాజంలో ఒక చదువుల గది తెరవాలని సంకల్పించింది. మదరాసునుంచి రెండు బీరువాల పుస్తకాలు వచ్చాయి. వాటిని చూసుకోవడానికి చదువుకున్న ఆడపిల్ల ఒకరు కావాలి. జీతం చిన్నదే, అయినా జీతం. నాయన ఆ సంగతి చెప్పిన సాయంత్రం నేను అన్నం తినలేకపోయాను. మరునాడు నాయన వెంట బంగళాకు పోయి, గుమ్మం దగ్గర నిలబడి, నేలను చూస్తూ, అడిగినవాటికి తల ఊపాను. ఇంగ్లీషు చదవగలవా అని అడిగింది. దానికీ తల ఊపాను.

"అయితే రేపటినుంచి రా. ముందు నాకొక పని చేసిపెట్టాలి. అది బాగా జరిగితే తాళంచెవి నీదే" అంది బంగళా అమ్మ.

ఆ పని ఊరగాయ.

బంగళా అమ్మ మనసు మంచిది. అది ముందే చెప్పకపోతే అన్యాయమవుతుంది. క్వార్టర్సులో ఎవరింట్లోనూ ఊరగాయ లేదని విని నిజంగానే బాధపడింది. బాధపడి, తనకు వచ్చే ఇంగ్లీషు పత్రిక తిరగేస్తే అందులో ఒకరోజులో పెట్టుకునే ఊరగాయ కనిపించింది. నూనె అక్కర్లేదు, కారం అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు. కీరదోసకాయలు చక్రాలుగా తరిగి, వెనిగర్లో చక్కెరా ఉప్పూ వేసి మరిగించి పోసి, చల్లారాక సీసాలో పెట్టి మూత బిగించి, రిఫ్రిజిరేటర్లో ఉంచితే మరునాటికి సిద్ధం. సమాజం ఆడవాళ్లందరికీ ఇది నేర్పితే కరువులో కూడా ప్రతి ఇంటా ఊరగాయ ఉంటుంది. ఇందులో ఒక్క చిక్కు ఉన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఊరు మొత్తంమీద ఆ రిఫ్రిజిరేటరు ఉన్నది ఆమె హాల్లో ఒక్కటే. తెల్లగా, మనిషి ఎత్తున, నెత్తిన అల్లిక గుడ్డ, దానిమీద పూలకూజా. మా క్వార్టర్సులో దాని పేరు ఐసుబీరువా. (తలుపు తీస్తే లోపల దీపం వెలిగేది. తలుపు వేశాక ఆ దీపం ఆరుతుందా, లోపల వెలుగుతూనే ఉంటుందా అన్నది నా పెద్ద సందేహం. చాలారోజులు దాని ముందు నిలబడ్డాను గానీ అడగలేకపోయాను.)

నా ఇంగ్లీషు ఎంతో చూడటానికని నేను పత్రిక చదివి తెలుగులో చెప్పడం, ఆమె వినడం, నేనే చెయ్యడం. కీరదోసకాయలు బంగళా తోటలోవి. నీళ్లు చాలక కాయలు వంకర తిరిగి ఉన్నాయి. అలాంటి కాయలు చేదెక్కుతాయని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రతి కాయా తొడిమ దగ్గర చెక్కి, నాలుకకు ఆనించి, చేదైతే పక్కన పెట్టడం మా ఇంటి పద్ధతి. నేను అలాగే మొదలుపెట్టాను.

"ఎందుకమ్మా అన్నీ కొరుకుతున్నావు?" అంది బంగళా అమ్మ.

"చేదు చూస్తాండానమ్మా."

"ఏమంటున్నావు?"

"చేదుంటాయేమోనని."

"పత్రికలో ఉందా అది?"

లేదని తల ఊపాను.

"అయితే వద్దు. వాళ్లు అన్నీ ఆలోచించే రాసి ఉంటారు."

పక్కన పెట్టిన చేదుకాయలు మళ్లీ గిన్నెలోకి వచ్చాయి. వెనిగర్ మరిగేసరికి బంగళా అంతా ఘాటు వాసన కమ్మి, వంటాయన వరండాలోకి పోయి తుమ్ముకున్నాడు. మరునాడు నేను రుచి చూశాను. పులుపు, తీపి, వాటి వెనక నిదానంగా వచ్చి నాలుకమీద కూర్చునే చేదు. బంగళా అమ్మ కూడా రుచి చూసింది. కాస్సేపు ఆలోచించి, "విదేశీ రుచి" అంది.

తరవాతి సమావేశంలో సమాజం హాల్లో ఆడవాళ్లకు చేసి చూపించాం. బంగళా అమ్మ చెప్పింది, నేను తరిగాను. ముందురోజు ఊరబెట్టిన ముక్కలు ఆకుల్లో పెట్టి పంచితే అందరూ మర్యాదగా నోట్లో వేసుకున్నారు. మా పక్కింటి గార్డుగారి భార్య, మేము గార్డక్క అని పిలిచే ఆమె, నమిలి మింగి, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది. గార్డక్కకు నాకు లేని గొంతంతా ఉంది. ప్లాట్‌ఫారం అవతలనుంచి పిలిచినా వినపడుతుంది.

"అమ్మగారూ, ఇది ఎన్నాళ్లుంటాది?"

"వారం, పది రోజులు బాగా ఉంటుంది" అంది బంగళా అమ్మ.

"పది దినాలా? మా యింట్లో ఊరగాయంటే సమచ్చరం ఉండల్ల గదమ్మా. పది దినాలు ఉండేదాన్ని మేము కూరంటాం."

ఆడవాళ్లు నవ్వారు. బంగళా అమ్మ కూడా నవ్వింది.

"ఐసుబీరువా లేకుంటే ఎట్లమ్మా మరి?" అంది గార్డక్క.

"ఇంట్లో ఏదైనా చల్లని చోట పెట్టుకోవచ్చు."

"చల్లని చోటా? గుంతకల్లులో యాడుండాది తల్లీ అది? మా ఆయప్పను అడుగుతా. ఊరూరూ తిరిగేటోడు గదా, యాడన్నా చూసింటే చెప్తాడు."

ఇంకా పెద్ద నవ్వు. ఆ నవ్వులో బంగళా అమ్మ ముఖం కాస్త బిగుసుకుంది. నేను తల వంచుకుని ముక్కలు తరుగుతూనే ఉన్నాను. సీసాను నీళ్ల కుండ కింది ఇసుకలో పెట్టి తడిగుడ్డ చుట్టవచ్చని నాకు తోచింది. అనుకున్నాను కూడా. మాట నోటిదాకా వచ్చి, గార్డక్క గొంతు చూసి వెనక్కు పోయింది.

అంతటితో అయిపోయేదే. కానీ మదరాసునుంచి పెద్దమ్మ వస్తోందన్న కబురు వచ్చింది. మా ఆఫీసరుకు పై ఆఫీసరు భార్య గనుక ఆమె మాకు పెద్దమ్మ. సమాజాలన్నీ చూసుకుంటూ మా ఊరికీ వస్తుంది, చదువుల గది తెరుస్తుంది. బంగళా అమ్మకు హుషారు వచ్చింది. అన్నీ బంగళాలోనే చేయించి చూపిస్తే ఏం గొప్ప, ప్రతి ఇంటా ఈ పద్ధతి వచ్చిందని చూపించాలి. అందుకని ముందే చేసిన ఊరగాయను జాము సీసాల్లో నింపి, ఒక్కో ఇంటికి ఒక్కో సీసా ఇచ్చి, ఆ రోజున ఎవరి సీసా వాళ్లు తెచ్చి బల్లమీద పెట్టాలని చెప్పింది. సీసాలమీద ఇంటివాళ్ల పేర్లు నేను రాసి అంటించాను. పంచేటప్పుడు ప్రతి ఒక్కరికీ, "చల్లగా పెట్టుకోండక్కా, ఎండ తగలనియ్యొద్దు" అని చెప్పాను. చెప్పాననే ఇప్పటికీ అనుకుంటాను. వినపడిందన్న నమ్మకం మాత్రం లేదు.

ఆ మధ్యలో గడిచిన రోజుల గురించి ఒక్క మాట రాయకపోతే నాకు తృప్తి ఉండదు. సీసాలు ఇళ్లకు పోయాయి, నన్ను చదువుల గది సర్దమన్నారు. పొద్దున పోతే చీకటి పడే వేళకు ఇంటికి. రెండు బీరువాలు, వాటి కొత్త వార్నీషు వాసన, లోపల ఎవరూ విప్పని పుస్తకాలు. కొన్నింటికి పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి, వాటిని నేనే వెదురుబద్దతో విడదీశాను. చివర చిరగని కథలు మొదటిసారి చదివాను. పుస్తకాలను రంగునుబట్టి పేర్చి, మళ్లీ ఎత్తునుబట్టి పేర్చి, మళ్లీ అక్షరాలనుబట్టి పేర్చాను. ఎలా పేర్చినా, మార్చే వంకతో పుస్తకాలను మళ్లీ చేతిలోకి తియ్యవచ్చని నా ఆశ. గోడకు ఒక అట్టమీద 'దయచేసి మాట్లాడరాదు' అని అందంగా రాసి తగిలించాను. రాసి, దూరంగా నిలబడి చూసుకున్నాను. మాట్లాడకపోవడమే నియమంగా ఉన్న చోటు ఈ భూమ్మీద ఒకటి ఉందని, దానికి నన్నే కాపలా పెడుతున్నారని తలచుకుంటే కంట్లో నీళ్లు తిరిగాయి. సాయంత్రం ఇంటికి పోయి అమ్మను, "సీసా చల్లగా పెట్టినావా అమ్మా?" అని అడిగితే, జేజి మంచంమీదనుంచే, "పెట్టినాంలే పాపా. ఊరగాయ సంగతి మాకు తెలీదా? నువ్వు పోయి నీ పుస్తకాలు చూసుకోపో" అంది. నేను పోయి పుస్తకాల గురించి డైరీలో రాసుకున్నాను.

పెద్దమ్మ వచ్చిన రోజు హాలంతా నీళ్లు చల్లి ముగ్గులు పెట్టారు. (ఆ నీళ్లు చూసి క్వార్టర్సు ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.) బల్లమీద తెల్లదుప్పటి. ఆడవాళ్లు ఒక్కొక్కరే గుడ్డ చుట్టి తెచ్చిన సీసా విప్పి బల్లమీద పెట్టారు. నేను వరస సర్దడానికి దగ్గరికి పోయి, అక్కడే ఆగిపోయాను.

మేము ఇచ్చింది పచ్చని చక్రాలు తేలే తేటనీరు. ఇప్పుడు ఒక్క సీసా ఇంకో సీసాలా లేదు. ఒకదాంట్లో ఎర్రటి కారం, పైన అరచేతి మందాన నూనె. ఒకదాంట్లో ముక్కలు వడలి, ముడుచుకుని, అడుగున పడి ఉన్నాయి. ఒకదాంట్లో మెంతిపిండి, ఇంగువ. గార్డక్క సీసాలో ఒక్క ముక్కా లేదు, రసం మాత్రం ఉంది.

"పిల్లోళ్లు తినేసినారు పాపా. పరువు పోతాదని చెప్పి రసం తెచ్చినా" అంది గార్డక్క నా చెవిలో.

"ఇట్లెందుకైనాయక్కా ఇవన్నీ?"

"ఇట్లెందుకంటే? ఎండకు పెట్టకుండా ఊరగాయ ఎట్లయితాది? నువ్వు చెప్పకపోయినా అందరం మూడెండలూ పెట్టినాం. నీ గౌరవం కోసరం."

అప్పుడు మా ఇంటి సీసా చూశాను. అమ్మ తెచ్చి వరసలో అన్నింటికంటే ముందు పెట్టింది. నీరు పాలిపోయి, లోపలినుంచి సన్నని బుడగలు వరసగా పైకి పోతున్నాయి. మూత మధ్యలో ఉబ్బి ఉంది.

"అమ్మా, ఇదేమి?"

అమ్మ కొంగు సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "మీ జేజి మూత తీసి చూసి, సారాయి వాసన కొడతాండాది, దీన్ని మనింట్లో ఎట్ల పెట్టుకుంటామని ఆ నీళ్లన్నీ పారబోసింది. ముక్కలు కడిగి, ఉప్పునీళ్లు పోసి, పులుపుకని రోంత పుల్ల మజ్జిగ పోసి, మూత గట్టిగా బిగించి దినామూ గోడమీద ఎండకు పెడతా వచ్చింది. చక్కెర తీపి మాత్రం పోలేదు, ముక్కలోకి దిగిపోయిండాది అని బాధపడింది."

ఆ సీసాను తీసి వెనక దాచాలని చెయ్యి చాచాను. అంతలోనే కారు వచ్చింది.

పెద్దమ్మ ఎత్తు తక్కువ, నవ్వుముఖం, ఆకుపచ్చ పట్టుచీర. తెలుగు చక్కగా మాట్లాడింది. బంగళా అమ్మ బల్లవైపు పూర్తిగా చూడకుండానే, ప్రతి ఇంటా ఈ కొత్త పద్ధతి ఎలా వచ్చిందో చెబుతూ ఆమెను తీసుకొచ్చింది. పెద్దమ్మ సీసాలమీది పేర్లు చూసి, "ఈ అక్షరాలు ఎవరివి? ముత్యాల్లా ఉన్నాయే" అంది. బంగళా అమ్మ నన్ను చూపించింది. "ఈ అమ్మాయే. చదువుల గదికి ఈ అమ్మాయినే అనుకుంటున్నాం." జీవితంలో ఎవరైనా నన్ను చూపించి చెప్పిన మంచి మాట అంతకు ముందు లేదు. సంతోషంలో ఒక క్షణం సీసాను మరిచిపోయాను. ఆ క్షణంలోనే పెద్దమ్మ, "మీ ఇంటిది ఏది? అదే రుచి చూస్తాను" అని, అన్నింటికంటే ముందున్నదాన్ని చేతిలోకి తీసుకుని మూత తిప్పింది.

మూత ఎగిరి దుప్పటిమీద పడింది. తుపాకి పేలినట్లు కాదు గానీ, వెనక వరసలో కునుకు తీస్తున్న ముసలావిడ లేచి కూర్చునేంత శబ్దం వచ్చింది. నురగ పొంగి పెద్దమ్మ చేతిమీదుగా, ఆకుపచ్చ పట్టుచీరమీదుగా పాదాలదాకా దిగింది. పుల్లని వాసన హాలంతా కమ్మింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

పెద్దమ్మ కోప్పడలేదు. రుమాలుతో చెయ్యి తుడుచుకుంటూ మామూలుగా అడిగింది. "ఇది పులిసిపోయిందే. రిఫ్రిజిరేటర్లో ఉంచారా?"

"అందరూ ఉంచారు. అదే కదా పద్ధతి" అంది బంగళా అమ్మ గబగబా. నావైపు తిరిగి, "చెప్పమ్మా, నువ్వే కదా దగ్గరుండి చూసింది" అంది. ఆమె కళ్లు ఏం చెప్పమంటున్నాయో నాకు బాగానే తెలిసింది. ఔనని తల ఊపితే చాలు. తల ఊపడం నాకు ఎప్పుడూ చేతకానిది కాదు. నా బతుకంతా దానిమీదే నడిచింది. ఆ రోజు మాత్రం ఎందుకో మెడ కదలలేదు. వెనక మా అమ్మ నిలబడి ఉంది, గార్డక్క ఉంది, నా గౌరవం కోసం మూడెండలు కాసిన ఆడవాళ్లందరూ ఉన్నారు. వాళ్లకు చెయ్యడం రాలేదన్నట్లు అయిపోతోంది. పెద్దమ్మ నవ్వుముఖంతో నావైపే చూస్తోంది.

"ఎండలో పెట్టినారండీ" అన్నాను.

"ఏమిటీ?" అంది పెద్దమ్మ, ముందుకు వంగి.

"ఎండలో పెట్టినారండీ."

"వినపడలేదమ్మా. కాస్త గట్టిగా చెప్పు."

భయానికో, ఆమె అంత మెత్తగా అడిగినందుకో, నా గొంతు ఎక్కడినుంచో ఊడిపడ్డట్లు బయటికి వచ్చింది. "ఎవరింట్లోనూ ఐసుబీరువా లేదండీ. అమ్మగారింట్లో ఒక్కటే ఉంది. మేమందరమూ ఎండలో పెట్టుకుంటాము." ఆ హాల్లో నా గొంతు గోడలకు తగిలి మళ్లీ నాకే వినపడింది. ఎవరిదో అనుకుని నేనే ఉలిక్కిపడ్డాను.

పెద్దమ్మ బంగళా అమ్మవైపు ఒక్కసారి చూసింది. ఏదో ఇంగ్లీషులో మెల్లగా అని, చిన్నగా నవ్వింది. తరవాత చదువుల గదికి రిబ్బను కత్తిరించి, రంగునుబట్టి కాక అక్షరాలనుబట్టి పేర్చిన నా పుస్తకాలను గుమ్మంలోంచే చూసి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయింది.

బంగళా అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా" అంది, అలసిపోయినట్లు. "తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లు."

క్వార్టర్సులో నన్ను మెచ్చుకుంటారని నాకు లోలోపల ఆశ ఉండేది. అదీ జరగలేదు. గార్డక్క గోడ అవతలనుంచే అమ్మతో, "మన ఇండ్లలో లేదని మనకు తెలీదా వదినా? మదరాసు నుంచి వచ్చినామె ముందర ఊరంతా వినపడేట్లు అరిచి చెప్పల్నా? మీ పాపకు ఇన్నేండ్లూ లేని గొంతు ఆ పొద్దే రావల్నా?" అంది. అమ్మ బిందె తీసుకుని లోపలికి పోయింది. జేజి మాత్రం ఏ బాధా పెట్టుకోలేదు. "పొంగిందంటే ఊరినట్లే. ఆయమ్మ మెల్లగా తియ్యల్లగానీ, గబుక్కున తీస్తే ఎట్ల?" అంది.

వారం తిరగకుండా చదువుల గది పని అకౌంట్సు ఆఫీసరు మరదలికి ఇచ్చారు. నాకెందుకు ఇవ్వలేదో నాయన ఆఫీసులో అడిగి తెలుసుకుని వచ్చాడు. చెప్పడానికి ఇష్టం లేక చెప్పు విప్పుతూ చాలాసేపు వంగే ఉన్నాడు. సమాజం వాళ్లు ఆలోచించి నిర్ణయించారట: పదిమంది వచ్చే చోట పని, గొంతు లేని పిల్లతో నడవదు అని. నేను నా చేత్తో రాసి తగిలించిన అట్ట ఆ గోడకు ఇంకా వేలాడుతూనే ఉందని విన్నాను. నలుగురిలో గట్టిగా మాట్లాడినందుకు పని పోయింది, గట్టిగా మాట్లాడలేనన్న పేరుమీద. ఆ రాత్రి డైరీలో ఈ రెండు మాటలనూ పక్కపక్కన రాసి చూశాను. ఏడుపూ నవ్వూ రెండూ వచ్చేటట్లుంటే ఏది ముందు రానివ్వాలో తెలియక దీపం ఆర్పేశాను.

ఉగాది అయిన మరునాడు నాయన నన్ను బస్సు ఎక్కించాడు. కల్యాణదుర్గంలో మామ వచ్చి దించుకుంటాడు, అక్కడినుంచి కంబదూరు. ట్రంకుపెట్టె పైన వేయించి, కిటికీ దగ్గర సీటు చూసి కూర్చోబెట్టి, నాయన కిందికి దిగి కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. అంతవరకూ ఆ సంగతి మాట్లాడనివాడు, బస్సు కదలబోతుంటే మాట్లాడాడు.

"నువ్వు చెప్పినదాంట్లో తప్పేం లేదు పాపా. కాకుంటే, అడగనిదానికి చెప్పినావు."

"అడిగినారు నాయనా. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అడిగినారు."

నాయన ఊచ వదిలాడు. "వినపడక అడిగినారమ్మా" అన్నాడు.

అని, నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకూ నవ్వు వచ్చింది. బస్సు కదిలింది. కొంతదూరం పోయాక చూసుకుంటే ముఖమంతా తడిగా ఉంది. కిటికీలోంచి వచ్చే దుమ్ము వల్లనే అని పక్కసీటామెతో చెప్పాను. ఆమెకు వినపడలేదు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. కంబదూరు నుంచి నేను మళ్లీ గుంతకల్లుకు పోలేదు. అత్త పిల్లలను గొర్రెల వెంటా బావుల వెంటా పిలిచి పిలిచి నాకిప్పుడు మంచి గొంతు వచ్చింది. గట్టున నిలబడి కేకేస్తే చేను అవతల ఉన్న మామకు కూడా వినపడుతుంది. "గుంతకల్లు పిల్ల గొంతు చూడప్పా" అంటారు ఊళ్లోవాళ్లు. అయితే ఇక్కడ ఎవరూ నన్ను ఏమీ అడగరు. నీళ్లున్నాయా, పొయ్యి వెలిగిందా అనడం తప్ప, ఏం జరిగింది, నువ్వేం చూశావు, కాస్త గట్టిగా చెప్పు అని ముందుకు వంగి అడిగినవాళ్లు లేరు. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక అప్పుడప్పుడు ఆ హాలు గుర్తుకు వస్తుంది. వరసగా సీసాలు, నురగ కారుతున్న పట్టుచీర, వాటి మధ్యలో నేల చూపులు మాని తలెత్తిన ఒక సన్నపాటి పిల్ల. పిచ్చిది, దాని బతుకు అది చెడగొట్టుకుంటోంది. ఆపాలనిపించదు. చివరిసారి మాత్రం బాగానే చెప్పిందే అనిపించి, నాలో నేనే కాస్త నవ్వుకుంటాను. తరవాత అత్త లోపలినుంచి పిలుస్తుంది. వస్తున్నానని కేకేసి లేస్తాను.